కలిసి కూర్చోవడమూ, కలిసి చదవడమూ
సహకార అభ్యసన పరిశోధనలపై ఒక పరిశీలన

‘కోఆపరేటివ్ లెర్నింగ్’ అన్నదానికి మన విద్యాశాస్త్ర గ్రంథాలు ‘సహకార అభ్యసనం’ అని పేరు పెట్టుకున్నాయి. బడిలో ఆ మాట వినబడదు. ఉపాధ్యాయులు ‘గ్రూప్ వర్కు’ అంటారు. పాఠ్యపుస్తకాలు ‘జట్టుపని’ అంటాయి. ఈ మూడూ ఒకే వస్తువుకు పర్యాయపదాలుగా చెలామణి అవుతున్నాయి. అవి పర్యాయపదాలు కావని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

‘సహకారం’ అనగానే తెలుగువాడి మనసులో పాలసంఘమో పరపతి సంఘమో మెదులుతుంది. ఆ కారణంగా ఈ అనువాదం కొంత ఎబ్బెట్టుగా తోచవచ్చు. నా ఉద్దేశంలో ఆ అర్థచ్ఛాయ ఇక్కడ బాగా ఉపకరిస్తుంది. పాలసంఘంలో ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, వెన్న శాతం ఎంతో వారి వారి పేర్ల మీద విడిగా రాస్తారు. లాభం వస్తే అందరికీ పంచుతారు. రెండు లెక్కలూ ఉంటేనే అది సంఘం. లేకపోతే పాల క్యాన్ల దగ్గర గుమిగూడిన జనం. తరగతి గదుల గురించి యాభై ఏళ్ళుగా జరిగిన పరిశోధన చివరికి తేల్చినది దాదాపు ఇదే.

ఈ విషయం విద్యాశాఖవారిది కదా, తెలుగు అధ్యయన పీఠానికి దీనితో ఏమి పని అని అడగవచ్చు. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి నేర్పే ప్రయత్నాలలో చెప్పుకోదగ్గవి రెండు తెలుగు నేల మీద జరిగాయి. అందులో ఒకటి సరిహద్దు దాటి మన కర్ణాటకలో రాష్ట్రవ్యాప్తమైంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ జట్లలో జరగవలసిన పని మాట్లాడుకోవడం. మాటను పరిశీలించడం మన వృత్తి.

మొదట కొంచెం పాత కథ. థామస్ మన్రో 1822లో ఆదేశించిన దేశీయ విద్యా విచారణకు సమాధానంగా బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో ఒక నివేదిక పంపాడు. ఇతడు మనకు కొత్తవాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన కాంబెల్ ఇతడే. దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావని, వాటిది వేరొక కుటుంబమని ఎల్లిస్ నిరూపించిన వ్యాసం వెలువడింది ఆ పుస్తకం ముందుమాటతోనే. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయని కాంబెల్ లెక్క చెప్పాడు. వాటిలో 235 కన్నడానివి, 226 తెలుగువి. పైతరగతి పిల్లలచేత కిందివారికి చదువు చెప్పించే పద్ధతిని అతడు మెచ్చుకున్నాడు. చెప్పేవాడికి తన చదువు గట్టిపడుతుందని కూడా గమనించాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సముచితమే అన్నాడు. మద్రాసు ఎగ్మోరులోని అనాథశాలలో ఆండ్రూ బెల్ చేసి, 1797లో లండనులో ప్రచురించిన ప్రయోగం అప్పటికే అక్కడ ‘మద్రాసు పద్ధతి’గా పేరుపడింది.

ఆ మెప్పును మనవారు తరచు ఉదహరిస్తారు. అదే నివేదికలో ఉన్న ఫిర్యాదును అంతగా ఉదహరించరు. పిల్లలు పద్యాలు పుంఖానుపుంఖంగా అప్పజెబుతారు గాని వాటి అర్థం వారికి తెలియదని, కావ్యభాషకూ వ్యవహార భాషకూ ఉన్న దూరమే అందుకు కారణమని కాంబెల్ వాపోయాడు. పిల్లలు పిల్లలకు నేర్పే ఏర్పాటు దివ్యంగా ఉంది. నేర్పుతున్నదేమిటో ఇద్దరికీ తెలియదు. ఏర్పాటు వేరు, అందులో నడిచే మాట వేరు. రెండు వందల ఏళ్ళ తరువాత కూడా పరిశోధకులు మొదటిదాన్ని కొలిచి రెండవదాన్ని వదిలేస్తున్నారన్నది నా అభియోగం.

ఇక ఆధునిక పరిశోధన. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో, నల్ల తెల్ల పిల్లలను ఒకే బడిలో చేర్చినప్పుడు తలెత్తిన ఘర్షణల నడుమ, ఎలియట్ ఆరన్సన్ 1971లో ‘జిగ్‌సా’ పద్ధతిని ప్రవేశపెట్టాడు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్క ఒక్కొక్కరికి ఇస్తారు. మిగిలిన ముక్కలు కావాలంటే పక్కవాణ్ణి అడగక తప్పదు. పక్కవాడి రంగు ఏదైనా సరే. ఇది ముందు సామాజిక వైద్యంగా పుట్టి తరువాత బోధనా పద్ధతి అయింది.

డేవిడ్, రోజర్ జాన్సన్ సోదరులు సహచరులతో కలిసి 1981లో 122 అధ్యయనాలను గుదిగుచ్చి, పోటీ కన్నా, ఒంటరి చదువు కన్నా సహకారమే మేలని ప్రకటించారు. మన బి.ఎడ్. పుస్తకాలలో సహకార అభ్యసనానికి మూలపాఠం చాలావరకు ఇదే. మరుసటి ఏడాదే కాటన్, కుక్ అనే ఇద్దరు ఆ సంకలనాన్ని ఆక్షేపించిన సంగతి మాత్రం ఆ పుస్తకాలకు చేరినట్లు లేదు. ఏ పని, ఎంతమంది, ఎలాంటి పరస్పరాధారం అన్న తేడాలను పక్కనపెట్టి ఒకే సగటు తీస్తే ఆ సగటు దేనికి వర్తిస్తుంది అన్నది వారి ప్రశ్న. సమీక్షకుడు ముందు నేర్చుకోవలసిన పాఠం అది.

ఆ పాఠాన్ని బాగా పట్టుకున్నవాడు రాబర్ట్ స్లావిన్. కనీసం నాలుగు వారాలు నడిచిన ప్రయోగాలనే లెక్కలోకి తీసుకున్నాడు. 1995లో అతడు ప్రకటించిన పట్టికలో రెండు అంకెలు గుర్తుంచుకోదగ్గవి. జట్టుకు ఉమ్మడి లక్ష్యం ఉండి, ఒక్కొక్క పిల్లవాడు నేర్చుకున్నది విడివిడిగా పరీక్షించి, ఆ మొత్తాన్ని బట్టి జట్టుకు మెప్పు ఇచ్చిన ప్రయోగాలు 64. వాటిలో 50 స్పష్టమైన మేలు చూపాయి. మధ్యస్థ ప్రభావం 0.32. అంటే నూరుమందిలో నట్టనడుమ ఉండదగ్గ పిల్లవాడు 62 మందిని దాటగలడన్నమాట. ఉమ్మడి లక్ష్యం లేకుండానో, జట్టంతా కలిసి ఒకే కాగితం రాసిస్తే చాలుననో జరిగిన ప్రయోగాలలో ఆ ప్రభావం 0.07. లేనట్లే లెక్క. రెండు రకాల తరగతుల్లోనూ పిల్లలు గుండ్రంగానే కూర్చున్నారు. దూరం నుంచి ఫోటో తీస్తే రెండింటికీ తేడా కనబడదు.

స్లావిన్ ఈ తేడాకు బహుమతి మనస్తత్వం ద్వారా కారణం చెప్పాడు. నాకు అది పూర్తిగా తృప్తినివ్వదు. కాలిఫోర్నియాలో నోరీన్ వెబ్ చేసిన పనే ఈ మొత్తం సాహిత్యంలో అసలైన మలుపు అని నా నమ్మకం. ఆమె జట్లలోని సంభాషణను రికార్డు చేసి వాక్యం వాక్యం విడదీసింది. ఎవరు వివరించారు, ఎవరు జవాబు మాత్రం చెప్పారు, అడిగినదానికి ఎవరికి ఏం దక్కింది అని లెక్క కట్టింది. 1989, 1991 సమీక్షలలో ఆమె తేల్చిన విషయం ఇది. వివరించిన పిల్లలు బాగా నేర్చుకుంటారు. వివరణ అడిగి ఉత్త జవాబు మాత్రం పొందిన పిల్లల నేర్పు తగ్గే సూచనలే ఎక్కువ.

ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. సగం పెద్దదా, మూడోవంతు పెద్దదా అన్నది లెక్క. మూడు రెండు కన్నా పెద్దది కాబట్టి మూడోవంతే పెద్దదని ఒక పిల్ల అనుకుంటోంది. ‘సగం అని రాసుకోవే’ అని పక్కపిల్ల అంటే ఆ పిల్ల రాసుకుంటుంది, మార్కు వస్తుంది, మూడు పెద్దదన్న నమ్మకం చెక్కుచెదరదు. ‘సగమే. ఎందుకంటే ఒక రొట్టె ఇద్దరం తింటే పెద్ద ముక్కొస్తుంది, శారద కూడా వస్తే చిన్నదైపోదా?’ అంటే పని జరిగినట్లు. చెప్పిన పిల్లకు కూడా అంతవరకు మసకగా ఉన్నది ఆ వాక్యంతో తేటపడుతుంది.

ఈ ‘ఎందుకంటే’ను ఒక్క నిమిషం పరిశీలించాలి. ‘ఎందుకు’ అనే ప్రశ్నకు ‘అను’ ధాతువు చేదర్థక రూపం ‘అంటే’ చేరింది. ‘ఎందుకు అని అంటే’ అని అర్థం. కన్నడంలో ‘యాకందరె’, తమిళంలో ‘ఏనెన్రాల్’ సరిగ్గా ఇదే కట్టడం. మన భాషలలో కారణం చెప్పే మాటలోనే అడిగేవాడు ఒకడు కూర్చుని ఉన్నాడు. వ్యుత్పత్తిని బట్టి పిల్లల మనస్తత్వాన్ని నిర్ణయించడం భాషాశాస్త్రజ్ఞుడు చేయదగ్గ పని కాదని నాకు తెలుసు. నిత్య వ్యవహారంలో ఆ మాట అరిగిపోయి ఒట్టి సముచ్చయం అయింది. అయినా మన తరగతి గదిలో ఆ అడిగేవాడి స్థానం ఖాళీగా ఉంటుందన్నది కాదనలేం. ‘అర్థమయిందా?’ ‘అయింది సార్!’ అన్న బృందగానంలో ‘ఎందుకు’కు చోటు లేదు. జట్టు ఏర్పాటుకు సార్థకత ఏదైనా ఉంటే అది ఆ ఖాళీని నింపడమే. స్లావిన్ చెప్పిన ఉమ్మడి లక్ష్యం కూడా ఈ పనినే చేస్తుందని నేను భావిస్తాను. పక్కపిల్లకు అర్థం కాకపోతే నా జట్టుకు నష్టం అన్నప్పుడే జవాబు అందించి ఊరుకోకుండా వివరించే ఓపిక వస్తుంది.

అయితే అందరూ అడగగలరా? స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ ఈ ప్రశ్నే వేసింది. జట్టులో హోదా ఉన్న పిల్లలు ఎక్కువ మాట్లాడతారు, ఎక్కువ మాట్లాడినవారు ఎక్కువ నేర్చుకుంటారు, కాబట్టి జట్టుపని ఉన్న తేడాలను పెంచనూగలదు అని ఆమె చూపింది. ఆమె పని చేసినవి స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లల తరగతులు. అక్కడి విజ్ఞాన కార్డులు రెండు భాషల్లోనూ బొమ్మల్లోనూ ఉండేవి; పిల్లలు ఏ భాషలోనైనా మాట్లాడవచ్చు; సాయం అడిగే హక్కు, అడిగితే చేయవలసిన బాధ్యత అందరికీ ఉంటాయని ముందే నేర్పేవారు. మన పల్లెల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరు ఎవరిని ‘ఒరే’ అనవచ్చు అన్నది ఒట్టి బోధనా సమస్య కాదు. కులం, ఆడ మగ తేడా, ఇంటి యాస అన్నీ ఆ వలయంలోకి వచ్చి కూర్చుంటాయి. ఈ కోణంలో కోహెన్ మనకు స్లావిన్ కన్నా దగ్గరి చుట్టం.

ఇప్పుడు మన నేల మీద జరిగినవి చూద్దాం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో చిన్నగా మొదలై, 1989 నుంచి 1996 వరకు ఆనాటి 23 జిల్లాలకూ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను ప్రకటించింది. వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని చేయించడం వాటిలో ఒకటి. పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం వంటివి మిగిలినవి. ఆ రోజులకు అది సాహసమే. అరవైమంది పిల్లలూ ఒక నల్లబల్లా ఉన్న గదిలో ఉపాధ్యాయుణ్ణి బల్ల దగ్గర నుంచి కదిలించడం సామాన్యం కాదు. దాని మూల్యాంకనంలో పాల్గొన్న ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లేసీ, కూపర్, టారెన్స్ 1993లో ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే ‘రూపకల్పన, విశ్లేషణల సమస్యలు’ అని పెట్టుకున్నారు. నిజాయితీగల శీర్షిక. నేను చేర్చదలచుకున్నది ఒక్కటే. సూత్రాలను అమలు చేశారా లేదా అని చూసే పద్ధతికి సహజమైన పరిమితి ఒకటుంది: కంటికి కనబడేది లెక్కకు వస్తుంది. గోడ మీద బొమ్మలు కనబడతాయి. వలయంగా కూర్చున్న పిల్లలు కనబడతారు. వలయంలో కూర్చుని ఎవరి పలక మీద వారు ఎవరి లెక్క వారు చేసుకుంటుంటే, తనిఖీ కాగితంలో ‘జట్టుపని’ ఎదుట టిక్కు పడుతుంది.

రెండవది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి రూపొందించారు. పాఠ్యపుస్తకం స్థానంలో కార్డులు, తరగతుల స్థానంలో ఒక ‘అభ్యసన నిచ్చెన’. ఒకే ఉపాధ్యాయుడు, ఒకే గది, అన్ని వయసుల పిల్లలు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో దాన్ని బట్టి గురువు దగ్గరో, తోటిపిల్లల సాయంతోనో, స్వయంగానో పని చేస్తారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు దీన్ని చూసి వచ్చి యునిసెఫ్ సాయంతో ‘నలి-కలి’ని మొదలుపెట్టారు. 2009–10లో అది కర్ణాటక ప్రభుత్వ కన్నడ బడుల తొలి తరగతులన్నిటికీ చేరింది. ఈలోగా చెన్నై నగరపాలక బడుల మీదుగా తమిళనాడంతటా పాకింది. (‘కలి’ అంటే నేర్చుకో. మన ప్రాచీన కావ్యాల్లోని ‘కఱచు’ దీనికి తోబుట్టువే. మనం విద్య కఱవడం మానేశాక ఆ రూపం కుక్కలకే మిగిలింది.)

నలి-కలిని సమర్థించేవారు జాన్సన్‌లనూ స్లావిన్‌నూ ఉదహరిస్తుంటారు. విమర్శించేవారు నలి-కలి బడుల్లో మార్కులు పెరగలేదని చూపి సహకార అభ్యసనం మనకు సరిపడదంటుంటారు. రెండు వాదాలూ గురి తప్పినవే. నిచ్చెన మీద ఒక్కొక్క పిల్లవాడిదీ ఒక్కొక్క మెట్టు. తోటివారి సాయం ఉంది, ఉమ్మడి లక్ష్యం లేదు. స్లావిన్ నిర్వచనం ప్రకారం ఇది సహకార అభ్యసనం కానే కాదు. ఎవరి వేగాన వారు నడిచే చదువుకు ఇరుగుపొరుగు తోడ్పాటు. అది చెడ్డదని నేను అనడం లేదు. వెనుకబడ్డవాడన్న ముద్ర అందులో శాశ్వతం కాదు, అది గొప్ప సుగుణం. కాంబెల్ చూసిన బళ్ళారి అరుగుబడికి అది వారసురాలు, ఆస్టిన్‌కు కాదు. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదానికి ఆపాదించడం సమీక్షలో క్షమించరాని పొరపాటు.

మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలలో ఈ పొరపాటు ఆచారంగా మారింది. పరీక్షకుడిగా నా చేతికి వచ్చినవాటిలో చాలావాటి పోకడ ఒకటే. ఒక బడిలో రెండు సెక్షన్లు, ఒక్కొక్కదానిలో నలభైమంది, మూడు వారాల పాఠం. జట్టు సెక్షనుకు పరిశోధకుడే ఉత్సాహంగా పాఠం చెబుతాడు, రెండవదానికి అక్కడి ఉపాధ్యాయుడు ఎప్పటిలాగే చెబుతాడు. పరీక్షపత్రం పరిశోధకుడు తయారుచేసినదే. శూన్య పరికల్పనలన్నీ వరసగా తిరస్కృతమవుతాయి. జట్టులో పిల్లలు పలికిన వాక్యం ఒక్కటైనా ఆ మూడు వందల పేజీలలో దొరకదు. ప్రయోగానికి వస్తువు సంభాషణ అయినప్పుడు సంభాషణ లేని నివేదిక, పద్యం ఉదహరించని ప్రబంధ విమర్శ వంటిది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే విషయం. రిషివ్యాలీ చుట్టుపక్కల బడుల్లో కార్డులోని తెలుగు పిల్లల ఇంటి తెలుగుకు చేరువలో ఉండేది. ఊరి కథలూ పాటలూ అందులోకి వచ్చాయి. ఆ పద్ధతి కన్నడంలోకి మారి బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు తాలూకాలకు వచ్చేసరికి కార్డు భాష ఒకటి, ఇంటి భాష ఇంకొకటి అయింది. ఆ పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అని మనందరికీ తెలుసు. 2011 జనగణన ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 6 శాతం. ఆ తూర్పు అంచున అది ఎన్నో రెట్లు. బడిలో కన్నడం నేర్పడం న్యాయమే, అవసరమే. అందులో నాకు వివాదం లేదు. కాని జట్టులో వివరణ ఏ భాషలో జరుగుతుంది?

చింతామణి వైపు ఒక బడిలో ఓ పూట కూర్చుని నేను విన్నది ఇది. నలుగురు ఆడపిల్లలు కన్నడ కార్డు ముందు పెట్టుకుని తీసివేత లెక్కలు చేస్తున్నారు. ‘ఇందులోంచి పోదు కదా, పక్కింట్లో అడిగి తెచ్చుకోవల్ల’ అని ఒక పిల్ల గుసగుసగా తెలుగులో చెబుతోంది. అప్పు తెచ్చుకునే తీసివేతకు అంతకన్నా మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఉపాధ్యాయిని దగ్గరికి రాగానే ఆ పిల్ల గొంతు మారింది, భాష మారింది. కన్నడంలో ‘ఏళు’ అని జవాబు మాత్రం వచ్చింది. టీచరు తప్పు చేసిందని కాదు. ఆమె ఏమీ అనలేదు కూడా. ఏ భాష వివరణకు, ఏ భాష జవాబుకు అన్న పంపకం పిల్లలే చేసుకున్నారు. వెబ్ లెక్కలో ఇది ఉత్త జవాబు కిందికే వస్తుంది, ఎందుకంటే వినవలసినవారు వచ్చేలోగా వివరణ ఆగిపోయింది.

2020 జాతీయ విద్యావిధానం తోటిపిల్లలచేత నేర్పించడాన్నీ, తొలి తరగతుల్లో ఇంటిభాషనూ రెండింటినీ సిఫారసు చేసింది. వేర్వేరు పేరాలలో చేసింది. ఆ రెండు పేరాలకూ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించే పని తెలుగు, కన్నడ శాఖలు కలిసి చేయదగ్గది. కావలసింది పెద్ద పథకమేమీ కాదు. నాలుగు తాలూకాల్లో తలా రెండు బడులు, నాలుగు వారాలకు తగ్గని కాలం, జట్టుకొక రికార్డరు. ‘ఎందుకు’ అని అడిగినవారు ఎవరు, ఏ భాషలో. ‘ఎందుకంటే’, ‘యాకందరె’ ఎవరి నోట ఎన్నిసార్లు వచ్చాయి. అడిగినా ఏమీ దక్కనివారు ఎవరు. వారి కులం, లింగం, ఇంటి భాష ఏవి. జట్టుకు ఉమ్మడి లక్ష్యం పెట్టిన వారాల్లో ఆ లెక్క మారిందా? మార్కుల పట్టిక ఆ తరువాత వేసుకోవచ్చు. ముళబాగిలు బెంగళూరుకు తొంభై, వంద కిలోమీటర్ల దూరం. ఉదయం బస్సెక్కితే మొదటి పీరియడ్ సగంలోనైనా అందుకోవచ్చు.